ఆమె బస్సెక్కని రోజు

మాది ఇల్లందు. మా నాయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా అమ్మ కామెర్లతో చనిపోయింది. ఏడాది తిరగకముందే నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినామె చెడ్డది కాదు. నన్ను ఒక్కనాడు కూడా ఒక్క మాట అనలేదు. కానీ కంపెనీ క్వార్టరులో ఉన్నవి రెండే గదులు. ఆమెకు బిడ్డ పుట్టాక నా పక్క వరండాలోకి వచ్చింది. వానాకాలం జల్లు కొడితే చాప చుట్టుకుని తలుపు దగ్గర కూర్చునేదాన్ని. లోపల నుంచి నాయన గొంతు, ఆమె నవ్వు, పసిబిడ్డ ఏడుపు వినపడేవి. అది ఒక ఇల్లు. నేను దాని గుమ్మంలో ఉన్నాను.

అట్లాగే డిగ్రీ ముగించాను. ఇక ఏం చేయాలో తెలియని ఆ ఎండాకాలంలో మా చర్చి సంఘం అయ్యగారు ఒక సంగతి చెప్పారు. భద్రాచలం దారిలో, అడవి అంచున, సంఘంవాళ్ళు నడిపే ఒక ఇల్లు ఉంది. ప్రతి ఏడూ పెళ్ళికాని ఆడపిల్లలు నలుగురు అక్కడికి వచ్చి, జూన్ నుంచి మే దాకా కలిసి బతుకుతారు. కలిసి వండుకుంటారు, కలిసి ప్రార్థన చేసుకుంటారు, చుట్టుపక్కల గూడేల్లో పిల్లలకు అక్షరాలు చెప్పి, జ్వరాలకు మందులిచ్చి సేవ చేస్తారు. దాన్ని సేవా సంవత్సరం అనేవారు.

ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. ఆయన డ్యూటీకి పోవడానికి బూట్లు వేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"మంచిదే. పోయి రా బిడ్డా. ఒక ఏడాది ఎల్లిపోతది."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడేమో. నాకు మాత్రం ముల్లులా దిగింది. నా ఏడాది ఎట్లాగైనా వెళ్ళిపోవాల్సిన ఏడాది అని అర్థమైంది.

బస్సు రోడ్డు మీద దించితే, అక్కడ నుంచి ఒక వాగు దాటి మూడు కిలోమీటర్లు నడవాలి. నాలుగు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి వరండా, పక్కన బోరింగు, వెనక అంతా టేకు, ఇప్ప, తునికి చెట్లు. చూరుకు గంటలాగా ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. తెల్లవారుజామున దాన్ని కొడితే లేవాలి. ఆ ఇంటిని చూసుకునే పెద్దామె కోస్తా నుంచి వచ్చిన మనిషి, బడిలో పనిచేసి రిటైరైంది. తెల్ల చీర, బిగించి ముడేసిన జుట్టు. అందరం టీచరమ్మగారూ అని పిలిచేవాళ్ళం.

నాతోపాటు వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకామె ఖమ్మంలో నర్సు ట్రైనింగు అయింది. ఇంకొకామె బాగా పాడుతుంది, హార్మోనియం వాయిస్తుంది. వాళ్ళిద్దరూ ఒకే హాస్టల్లో చదువుకున్నవాళ్ళు, వచ్చేటప్పుడే జతగా వచ్చారు. మూడో పిల్ల వేంసూరు వైపు నుంచి వచ్చింది. అందరికంటే చిన్నది, పందొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న ఒక రైతు దగ్గర ట్రాక్టరు నడుపుతాడు. రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

వచ్చిన రోజు సాయంత్రం వరండాలో చాపలు వేసి టీచరమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టారు. ఎవరికి ఎట్లా దేవుడి పిలుపు వచ్చిందో సాక్ష్యం చెప్పమన్నారు. పాటలు పాడే ఆమె మొదట చెప్పింది. తర్వాత నర్సు చెప్పింది. ఇద్దరూ చక్కగా, తడుముకోకుండా చెప్పారు. తర్వాత వేంసూరు పిల్ల వంతు.

"మా అయ్యగారు పొమ్మన్నారండీ. వచ్చిన" అంది.

ఆ జత ఇద్దరూ నవ్వారు. కావాలని నవ్వలేదు, నవ్వు వచ్చేసింది. టీచరమ్మగారు కూడా పెదవులు బిగబట్టుకున్నారు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నా వంతు వచ్చింది. నా దగ్గర ఉన్న నిజం ఆ పిల్ల నిజం కంటే గొప్పదేం కాదు. ఇంట్లో చోటు లేక వచ్చాను అని చెప్పాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"మా అమ్మ పోయిన నలభయ్యో రోజు సమాధి దగ్గర ఒక్కదాన్నే కూచోని ఏడుస్తున్న. ఎనక నుంచి ఎవరో పిలిచినట్టయింది. లేచి ఎల్లు, నీకోసం ఎదురుచూసేటోళ్ళు ఉన్నరు అని ఇనపడ్డది. తిరిగి చూస్తే ఎవ్వరు లేరు."

నిజానికి అమ్మను పూడ్చిన రోజు తర్వాత నేను ఆ సమాధి వైపే పోలేదు. పోవాలంటే భయం. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఎవరైనా నాతో అంటే బాగుండుననుకున్న మాట అదేనేమో.

టీచరమ్మగారు పైటచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. వేంసూరు పిల్ల తన ఏడుపు మరిచి నా వైపు నోరు తెరిచి చూస్తోంది.

ఆ ఇంట్లో అన్నీ ఉమ్మడిగానే ఉండేవి. ఒకే సబ్బు, ఒకే కొబ్బరినూనె సీసా. వంట, నీళ్ళు, ఊడ్పు వంతుల ప్రకారం చేసుకోవాలి. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాన్ని భోజనాల దగ్గర అందరికీ వినపడేలా చదవాలి. ఒకరి సంతోషం అందరిదీ కావాలని టీచరమ్మగారి ఉద్దేశం. ఉత్తరాలు వారానికి ఒకసారి వచ్చేవి. నర్సు వాళ్ళ అన్న రాసేవాడు. పాటలామెకు తల్లి రాసేది. వేంసూరు పిల్లకు వాళ్ళ నాన్న ఎవరితోనో రాయించిన కార్డు వచ్చేది. అందులో ఎప్పుడూ గేదె సంగతి ఉండేది. నాకు ఏమీ వచ్చేది కాదు. "మీ నాన్నగారు రాయలేదామ్మా" అని టీచరమ్మగారు అడిగేవారు. "నైట్ డ్యూటీలండీ" అనేదాన్ని. కొన్ని వారాల తర్వాత ఆమె అడగడం మానేశారు. ఉత్తరాల రోజు నేను వంట వంతు అడిగి తీసుకునేదాన్ని. పొయ్యి దగ్గర ఉంటే పొగ ఒక సాకు.

మా నలుగురి చాపలూ ఒకే గదిలో వరసగా పరిచేవాళ్ళం. చెయ్యి చాపితే ఇంకొకరి చెయ్యి తగిలేది. రోజంతా ఒక్క నిమిషమైనా ఒంటరిగా ఉండే వీలు లేదు. అయినా ఇల్లందు వరండాలో కూడా నేను అంత ఒంటరిగా లేను. అక్కడ నేను ఎవరో నాకు తెలుసు. ఇక్కడ అందరూ ప్రేమగా చూసేది ఆ సమాధి దగ్గర కూర్చున్న అమ్మాయిని. నన్ను కాదు.

అది అక్కడితో ఆగలేదు. టీచరమ్మగారు ఆదివారాలు చుట్టుపక్కల సంఘాలకు పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవారు. "మా అమ్మాయి సాక్ష్యం వినండి" అని ముందుకు నిలబెట్టేవారు. నాలుగు చోట్ల చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరిగింది. రెండోచోట గాలి వీచింది. మూడోచోట ఒక పిట్ట ఎగిరిపోయింది. నాలుగోచోట ఒక ముసలామె నా చేతులు పట్టుకుని, చచ్చిపోయిన తన కొడుకు మాట ఎప్పుడన్నా వినపడుతుందా అని అడిగింది. నేను ఏం చెప్పానో గుర్తులేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా టీచరమ్మగారు మాట్లాడుతూనే ఉన్నారు, నేను వినలేదు.

పొద్దున పూట నా పని రెండు కిలోమీటర్ల అవతల ఉన్న కోయ గూడెంలో పిల్లలకు అక్షరాలు చెప్పడం. తాటాకు పాక కింద పదిహేను మంది పిల్లలు. నేను అన్న మాట వాళ్ళకు సగం అర్థమయ్యేది కాదు, వాళ్ళు అన్నది నాకు అసలే అర్థమయ్యేది కాదు. వాళ్ళు తమలో తాము గలగల మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. నేను పలక పట్టుకుని నవ్వు ముఖం పెట్టుకుని నిలబడేదాన్ని. అయినా ఆ ఇంట్లో కంటే ఆ పాకలోనే నాకు ఊపిరాడేది. అక్కడ నా సాక్ష్యం ఎవరికీ తెలియదు.

వేంసూరు పిల్ల చాప నా చాప పక్కన. ఆమె నన్ను అక్కా అని పిలిచేది. అంతకు ముందెన్నడూ ఇల్లు వదిలి ఉండలేదు. చెల్లెళ్ళు, తమ్ముడు, నాయనమ్మ అందరి మధ్య పడుకుని పెరిగిన పిల్ల. దీపం ఆర్పాక నా కొంగు అంచు పట్టుకుని నిద్రపోయేది. ఆ ఏడాది మొత్తంలో నాదంటూ ఎవరైనా ఇష్టంగా ముట్టుకున్నది ఉంటే, అది ఆ కొంగు అంచే.

ఆగస్టులో ఆమె ఇంటికి పోతానంది. తిండి తినడం మానేసింది. టీచరమ్మగారు రెండు రోజులు నచ్చజెప్పి చూశారు. చివరికి, "బలవంతపు సేవ దేవుడికి అక్కర్లేదమ్మా. రేపటి బస్సుకి వెళ్ళు" అన్నారు. నన్ను రోడ్డు దాకా తోడు పొమ్మన్నారు.

వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. రేకుపెట్టె నేను నెత్తిన పెట్టుకున్నాను. రోడ్డు మీదికి పోయి ఒక ఇప్పచెట్టు కింద నిలబడ్డాం. బస్సు రోజుకు ఒకటే. ఆ రోజు ఆలస్యమైంది. ఆమె పోయాక నా పక్కన ఖాళీగా ఉండబోయే చాప గురించే ఆలోచిస్తున్నాను. ఆ జత ఇద్దరి నవ్వుల పక్కన ఇంకా తొమ్మిది నెలలు.

ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోవు కదా. నీకు నిజంగనే ఆ మాట వినపడ్డదా?"

అప్పుడు రోడ్డు మీద మేమిద్దరమే ఉన్నాం. నిజం చెప్పడానికి ఆ ఏడాదిలో నాకు దొరికిన మంచి చోటు అది. ఆమె ఎవరికీ చెప్పేది కాదు. నవ్వేది కూడా కాదు. "లేదే, నాది కూడా నీ లెక్కనే" అంటే చాలు. ఆమె బస్సెక్కి ఇంటికి పోయేది.

"అవ్" అన్నాను. "ఇనపడ్డది."

"మళ్ళ నాకెందుకు వినపడట్లేదు?"

"నువ్వు ఆగుతలేవు కదా. జెర ఆగితే ఇనపడ్తదేమో."

ఈ మాటలు నేను దేవుడి కోసం అనలేదు. ఆమె కోసం కూడా అనలేదు. నా పక్క చాప ఖాళీ కాకూడదని అన్నాను. అనేటప్పుడే నాకు ఆ సంగతి తెలుసు.

బస్సు వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తలేదు. డ్రైవరు మమ్మల్ని చూసి కొంచెం నెమ్మది చేసి, మేం కదలకపోయేసరికి వెళ్ళిపోయాడు. ఆమె రేకుపెట్టె తానే ఎత్తుకుని వాగు వైపు నడిచింది. వెనక నడుస్తూ నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత రెండు నెలలు బాగా గడిచాయి. అంత బాగా గడిచిన రోజులు నా చిన్నతనంలో కూడా తక్కువ. ఆమె నాతోపాటు గూడేనికి వచ్చేది. పిల్లలు ఆమెకు వెంటనే చేరిక అయ్యారు. నాకంటే ముందే కోయ మాటలు నేర్చుకుంది. వంతు కాకపోయినా నాతో పొయ్యి దగ్గర కూర్చునేది. వాళ్ళ ఊరి మిరపతోటలు, నాయనమ్మ తిట్లు, గేదె కొమ్ముల కథ అన్నీ చెప్పేది. నేను వినేదాన్ని. కొన్నిసార్లు, "నీ సంగతి చెప్పక్కా" అనేది. "ఏముంటది నాది" అనేదాన్ని. అబద్ధం ఒకటి నడుమ కూర్చుంది కాబట్టి, దాని పక్క నుంచి ఏ నిజమూ చెప్పలేకపోయాను. మా అమ్మ చేతి పులుసు గురించి చెప్పాలన్నా సమాధి అడ్డం వచ్చేది.

అక్టోబరులో ఆమెకు చలిజ్వరం వచ్చింది. ఆ అడవిలో చలిజ్వరం రానివాళ్ళు లేరు, మా అందరికీ ఒకసారి వచ్చిపోయింది. నర్సు మాత్రలు వేసింది. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మూడో రోజు తెల్లవారేసరికి ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నర్సు ఆమె మెడ కింద చెయ్యి పెట్టి చూసి, టీచరమ్మగారి వైపు తిరిగి, "ఇది మన చేతుల్లది కాదండీ. జల్దీ దవాఖానాకు తీస్కపోవాలె" అంది.

గూడెం నుంచి నలుగురు మనుషులు వచ్చారు. మంచం తిరగేసి, తాళ్ళు కట్టి, ఆమెను అందులో పడుకోబెట్టి భుజాల మీద మోశారు. వాగు దాటేటప్పుడు మంచాన్ని తలల మీదికి ఎత్తారు. రోడ్డు మీద వెదురు లారీ ఒకటి ఆపారు. డ్రైవరు పక్కన నేను, నా ఒళ్ళో ఆమె తల, వెనక వెదురు మీద నర్సు. దారి పొడుగునా ఆమె ఏదో గొణుగుతూ ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"లేచి వెళ్ళు. లేచి వెళ్ళు. ఎదురుచూస్తున్నరు."

నేను కిటికీ వైపు తల తిప్పుకున్నాను.

భద్రాచలం దవాఖానాలో తొమ్మిది రోజులు ఆమె మంచం పక్కన నేల మీద ఉన్నాను. జ్వరం మెదడుకు ఎక్కిందని డాక్టరు చెప్పాడు. నాలుగో రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా మీద ట్రాక్టరు నూనె మరకలతో, అట్లాగే వచ్చేశాడు. బిడ్డ కాళ్ళ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వేనామ్మా, మా పిల్ల ప్రతి కార్డులో రాసే అక్కవి?"

"అవ్ బాబాయ్."

"నీ మాట విన్నాకనే అక్కడ ఆగింది. మా అక్కలాగా నాకు కూడా పిలుపు వస్తది నాయనా, అప్పటిదాకా రాను అని రాసింది. అది చదివిచ్చుకుని మా ఇంట్లో అందరం ఏడ్చినం" అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "నువ్వు లేకపోతే దీన్ని ఎవరు చూసుకునేవాళ్ళమ్మా."

నన్ను ఆయన కొట్టి ఉంటే అంతకంటే తేలిగ్గా ఉండేది.

ఆరో రోజు ఆమెకు తెలివి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. వాళ్ళ నాన్న ఎడమ పక్కన నిలబడి పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. కుడి పక్కకు వచ్చి పిలిస్తే తిరిగింది. ఎడమ చెవి పోయింది. జ్వరం వల్ల ఒక్కోసారి అట్లా అవుతుందనీ, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. అది మళ్ళీ రాలేదు. తొమ్మిదో రోజు వాళ్ళ నాన్న ఆమెను వేంసూరు తీసుకుపోయాడు. నేను ఒక్కదాన్నే అడవి అంచు ఇంటికి తిరిగి వచ్చాను.

ఆమె చాప చుట్టి గోడకు ఆనించి ఉంది.

రెండు రోజులు ఆగి, మధ్యాహ్నం పూట టీచరమ్మగారు వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. అంతా చెప్పాను. సమాధి, స్వరం, గాలి, పిట్ట అన్నీ అబద్ధమని. రోడ్డు మీద ఇప్పచెట్టు కింద ఆమె అడిగితే ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. ఆమె చేటలో చెయ్యి ఆడిస్తూనే విన్నారు. చెప్పడం అయ్యాక కూడా కొంతసేపు రాళ్ళు ఏరారు.

"నాలుగు సంఘాల్లో నిలబెట్టి చెప్పించానే" అన్నారు చివరికి. కోపంగా కాదు. అలసిపోయినట్టు. "నేను కూడా అడగలేదు చూడు. అంత బాగుంటే నిజమే అనుకున్నాను."

"నన్ను పంపిచ్చేయండి టీచరమ్మగారూ."

"పంపితే ఎక్కడికి పోతావు?"

నేను చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేశాను. నాకు పోయే చోటు లేదని ఆమెకు అప్పుడే అర్థమైందనుకుంటాను.

"నాతో చెప్పి ఏం లాభం? ఆ పిల్లతో చెప్పు" అన్నారు.

క్రిస్మసుకు జత ఇద్దరూ ఇళ్ళకు పోయారు. నాకు పోయే ఇల్లు లేదు కాబట్టి వేంసూరు పోయాను. రెండు బస్సులు మారి, కల్లూరు మీదుగా. వాళ్ళ ఇంటి ముందు వెదురుబద్దలతో కట్టిన రంగు కాగితాల నక్షత్రం ఉంది. నన్ను చూడగానే ఆమె పరిగెత్తుకొచ్చి నా నడుము పట్టుకుంది. కొంచెం సన్నబడింది. మాట్లాడేటప్పుడు తల ఒక పక్కకు వంచడం అలవాటయింది. వాళ్ళ అమ్మ నాకు కోడికూర వండింది. నాయనమ్మ నా తల నిమిరింది. అంత మంది మధ్య రోజంతా చెప్పలేకపోయాను. సాయంత్రం నీళ్ళకు పోతుంటే వెంట పోయి, బావి దగ్గర చెప్పాను.

ఆమె బిందె కింద పెట్టింది.

"ఎందుకు చెప్పినవక్కా నాకు?"

"నీకు తెల్వాలె కదా."

"నాకెందుకు తెలవాలి? జ్వరంలో నాకేం తెలవలేదు. అమ్మ తెలవలేదు, నాన్న తెలవలేదు. ఆ ఒక్క మాటే ఉన్నది. దాన్ని పట్టుకుని బయటికొచ్చిన." ఆమె గొంతు పెరగలేదు. "చెవి పోయిందని నాకేం లేదు. ఆ మాట ఉందిగా అనుకున్న. ఇప్పుడు అదీ లేకుండ చేసినవ్. నీ బరువు దిగిపోయింది. నాదో?"

ఆమె బిందె నింపుకుని నా ముందు నడిచి ఇంటికి పోయింది. ఇంట్లోవాళ్ళకు ఏమీ చెప్పలేదు. అన్నం తినేటప్పుడు నా పళ్ళెంలో కూర తానే వేసింది. పొద్దున నేను బయల్దేరితే వాళ్ళ అమ్మ గుడ్డలో అరిసెలు కట్టి ఇచ్చింది, తమ్ముడు బస్సు దాకా వచ్చాడు. ఆమె రాలేదు.

తర్వాతి ఐదు నెలల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. టీచరమ్మగారు నన్ను మళ్ళీ ఏ సంఘానికీ తీసుకుపోలేదు. జత ఇద్దరికీ ఆమె ఏమీ చెప్పలేదు, అయినా ఏదో జరిగిందని వాళ్ళకు తెలిసింది. నాతో మర్యాదగా ఉండేవాళ్ళు. నా పని నేను చేసుకున్నాను. పొద్దున గూడెం, మధ్యాహ్నం వంతు పని, సాయంత్రం ప్రార్థన. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నాకు ఏమీ వినపడేది కాదు, పెంకుల మీద ఎలుకల చప్పుడు తప్ప. గూడెంలో పిల్లలు అప్పటికీ వేంసూరు పిల్ల ఏదని అడిగేవాళ్ళు. ఆమె నేర్పిన ఆట ఆడదామన్నారు. నాకు ఆ ఆట రాదు. వాళ్ళే నాకు నేర్పారు. మార్చి నెలలో ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. తల్లులతో పాటు పిల్లలు కూడా తెల్లవారకముందే పూలు ఏరడానికి పోతే పాక ఖాళీగా ఉండేది. నేను కూడా పోయి ఏరాను. వాళ్ళ తల్లుల్లో ఒకామె నా బుట్ట చూసి ఏదో అని నవ్వింది. నేను చెత్తాచెదారం కూడా ఏరుతున్నానట. తర్వాత నా పక్కన కూర్చుని, ఒక్కొక్క పువ్వూ తీసి ఎట్లా ఏరాలో చూపించింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మే నెలలో ముగింపు కూటం జరిగింది. చుట్టుపక్కల సంఘాల నుంచి జనం వచ్చారు. ఏడాదిలో ఏం పొందామో ఒక్కొక్కరం చెప్పాలి. నేను చెప్పనని అనలేదు. టీచరమ్మగారు కూడా నన్ను ఆపలేదు, వరసలో నా వంతు రాగానే తలూపారు. లేచి నిలబడి చెప్పాను.

"నాకు ఏ మాట ఇనపడలేదు. మా ఇంట్ల నాకు జాగ లేక వచ్చిన. నా సాక్ష్యం అబద్ధం. దాన్ని నమ్మి ఒక పిల్ల చాన కష్టపడ్డది. నన్ను క్షమించమని అడుగుతున్న."

కూర్చున్నాను. ఎవరో దగ్గారు. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామె రెండో వరసలో ఉంది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. కూటం నడుపుతున్న అయ్యగారు కొంచెం తడబడి పాట సంఖ్య చెప్పారు. అందరూ లేచి పాడారు. ఆ తర్వాత భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కోపంతో కాదు, ఏం మాట్లాడాలో తెలియక. నేను తిని, పళ్ళెం కడిగి, వడ్డన అందుకున్నాను.

అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో టీచరమ్మగారూ నేనూ మిగిలాం. కొత్త పిల్లలు వచ్చేదాకా ఉండమన్నారు. ఆ నెలరోజుల్లో మేం మాట్లాడుకున్నది తక్కువ. ఒకరోజు మండిపోతున్న ఎండలో వరండాలో కూర్చుని ఉండగా, "వచ్చే ఏడు మొదటి రోజు సాక్ష్యాలు అడగను. అన్నం పెట్టి పడుకోమంటాను" అన్నారు. నేను తలూపాను. ఆమె నన్ను క్షమించారో లేదో ఎప్పుడూ చెప్పలేదు. పోయేటప్పుడు మాత్రం, గిరిజన బాలికల హాస్టల్లో ఆయా ఉద్యోగానికి మనిషి కావాలని తెలిసి, నా చేత అర్జీ రాయించింది ఆమే. డిగ్రీ చదివి ఆయా పనేందని మా నాయన అన్నాడు. నేను చేరాను. తర్వాత వార్డెన్ అయ్యాను. పెళ్ళి కుదరలేదు, నేను గట్టిగా ప్రయత్నించనూ లేదు. నా బతుకంతా పిల్లల చాపల వరసల మధ్యనే గడిచింది. కొత్తగా వచ్చిన పిల్ల ఇంటికి పోతానని ఏడిస్తే, ఆ ఊరి బస్సు ఎప్పుడో కనుక్కుని, నేనే ఎక్కించి వచ్చేదాన్ని. కొందరు పిల్లలు మళ్ళీ వచ్చేవాళ్ళు, కొందరు రాలేదు. పైవాళ్ళు నన్ను దానికి కోప్పడ్డారు కూడా.

ఆమెకు నాలుగైదు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

పది పన్నెండేళ్ళ తర్వాత, జూన్ నెలలో, హాస్టలు పిల్లలకు యూనిఫారం గుడ్డ చూడటానికి సత్తుపల్లి పోయాను. బట్టల దుకాణంలో బల్ల ముందు ఒకామె ఎనిమిదేళ్ళ కూతురితో నిలబడి, తల ఒక పక్కకు వంచి దుకాణదారుడి మాట వింటోంది. నేను గుర్తుపట్టి ఆగిపోయాను. వెళ్ళిపోదామా అనుకున్నాను. ఈలోపు ఆమె తిరిగి చూసింది.

"అక్కా" అంది. కొంచెం ఆగి, "ఇటు పక్కకు రా. అటు వినపడదు" అంది.

ఆమె కుడి పక్కకు పోయి నిలబడ్డాను. కూతుర్ని చూపించింది. ఇంకో ఇద్దరు మగపిల్లలు ఇంటి దగ్గర ఉన్నారని, మిరప వేశామని, తన నాన్న పోయిన ఏడు చనిపోయాడని చెప్పింది. నేను హాస్టలు సంగతి చెప్పాను. నా ఉత్తరాలు అందాయా అని అడగలేదు. దుకాణదారుడు నీలిరంగు గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచాడు. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి నాకు అందించింది.

"ఇది ఉతికితే కుంచించుకుపోద్దా అక్కా?"

నేను పట్టి చూశాను. ఏటా అదే పని కాబట్టి ఆ రకం నాకు తెలుసు.

"పోతది. ఒక మూరెడు ఎక్కువ తీస్కో" అన్నాను.

ఆమె దుకాణదారుడి వైపు తిరిగి ఒక మూర ఎక్కువ చింపమంది.